క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఖాతా: డబ్బు వేసేముందే మూసేయాల్సిన దారులు

క్రిప్టో నాణేలు కొనే, అమ్మే సైట్ అయిన ఎక్స్ఛేంజ్‌లో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు చాలామంది గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా చేసుకుని, ఇక పర్వాలేదనుకుంటారు. కానీ దొంగ పాస్‌వర్డ్ ఊహిస్తూ కూర్చోడు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అన్న లింకు నొక్కుతాడు. పాస్‌వర్డ్ మార్చే లింకు మీ ఈమెయిల్‌కి వెళ్తుంది, కాబట్టి మన పని కూడా అక్కడే మొదలవ్వాలి. బిట్‌కాయిన్ లావాదేవీ ఒకసారి బ్లాక్‌చైన్‌లో (లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి చిట్టాలో) ఖరారయ్యాక దాన్ని రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. అందుకే కింద చెప్పేవన్నీ మొదటి డిపాజిట్‌కి ముందే పూర్తిచేయండి.

ఎక్స్ఛేంజ్ కోసమే ఒక కొత్త ఈమెయిల్ తెరవండి. ఆ చిరునామా ఇంకెక్కడా వాడొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఏళ్ల తరబడి వాడుతున్న చిరునామా ఏదో ఒక డేటా లీకులో బయటపడే ఉండొచ్చు. ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌లో వెతికితే తెలుస్తుంది. కొత్త మెయిల్‌కి రికవరీ ఫోన్ నంబర్ ఇవ్వకండి. ఇచ్చారంటే, మీ నంబర్ కొట్టేసినవాడికి మెయిల్ కూడా ఇచ్చేసినట్టే. దాని బదులు, ఫోన్ లేకపోయినా లాగిన్ అవ్వడానికి మెయిల్ సంస్థ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి. పాత మెయిలే వాడక తప్పదనుకుంటే ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ సెట్టింగులు తప్పకుండా తెరిచి చూడండి. మెయిల్‌బాక్స్‌లోకి దూరినవాళ్లు ఎక్స్ఛేంజ్ హెచ్చరికలు మీ కంట పడకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఫిల్టర్ పెడతారు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది.

పాస్‌వర్డ్ సంగతి తేలిక. బిట్‌వార్డెన్, కీపాస్ఎక్స్‌సీ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌తో ఇరవై అక్షరాలకు తగ్గకుండా ఒకటి తయారు చేయించండి, మెయిల్‌కొకటి, ఎక్స్ఛేంజ్‌కొకటి. మేనేజర్ వల్ల ఇంకో లాభం ఉంది. నకిలీ సైట్‌లో డొమైన్ పేరు (అడ్రస్ బార్‌లో కనిపించే సైట్ పేరు) కలవదు కాబట్టి అది పాస్‌వర్డ్ నింపదు. అలా నింపకపోతే చేత్తో కాపీ చేసి అతికించకండి. ముందు అడ్రస్ బార్ చూడండి.

అసలు జాగ్రత్త పడాల్సింది పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో అంచె దగ్గర. ఎస్ఎంఎస్ ఓటీపీని నేను భద్రత కింద లెక్కే వేయను. టెలికాం సంస్థ సిబ్బందిని మోసగించో, లంచమిచ్చో మీ నంబర్‌ని తన సిమ్‌కి మార్పించుకుంటే ఓటీపీలన్నీ దొంగకే వెళ్తాయి. చాలాసార్లు మీ ఫోన్‌లో సిగ్నల్ పోవడమే మీకు కనిపించే సూచన. 2021లో కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజ్‌లో కనీసం 6,000 మంది ఖాతాల్లోంచి నాణేలు పోయాయి. అప్పటికే వాళ్ల మెయిల్, పాస్‌వర్డ్, ఫోన్ నంబర్ దొంగల చేతికి చిక్కాయి. మిగిలిన ఎస్ఎంఎస్ అంచెని ఖాతా రికవరీ పద్ధతిలోని లోపంతో దాటేశారు.

ఫోన్‌లోనే కోడ్‌లు తయారుచేసే అథెంటికేటర్ యాప్ దీనికన్నా చాలా మేలు. సెటప్‌లో కనిపించే క్యూఆర్ కోడ్‌లోనే రహస్య కీ ఉంటుంది. ప్రతి 30 సెకన్లకు వచ్చే ఆరంకెల కోడ్ దాన్నుంచే పుడుతుంది. కాబట్టి క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, అది ఫోటోలతోపాటు క్లౌడ్‌లోకి పోతుంది. పక్కనే అక్షరాల్లో ఇచ్చే కీని కాగితం మీద రాసి, ఫోన్ ఉండే చోట కాకుండా వేరేచోట ఉంచండి. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి ఈ కీలను గూగుల్ ఖాతాలో దాచే క్లౌడ్ సింక్ వచ్చింది. మీ మెయిల్ కూడా అదే గూగుల్ ఖాతాలో ఉంటే, ఆ ఖాతా పోయిననాడు రెండు తాళాలూ ఒకేసారి పోతాయి. సింక్ ఆపేయడం మంచిది. కోడ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటుంటే చాలాసార్లు కారణం ఫోన్ గడియారం. సమయాన్ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

అయితే ఈ కోడ్‌ని కూడా నకిలీ సైట్‌లో మీ చేతే కొట్టించుకుని, ఆ 30 సెకన్లలోపే అసలు సైట్‌లో వాడేయొచ్చు. ఆ దారి మూసేది యూబీకీ లాంటి సెక్యూరిటీ కీ (లాగిన్‌కి వాడే చిన్న పరికరం), లేదా అదే పని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చేసే పాస్‌కీ. అవి డొమైన్‌కి కట్టుబడి పనిచేస్తాయి. అక్షరం తేడా ఉన్న సైట్‌కి ఆ కీ సంతకం చేయదు. ఎక్స్ఛేంజ్ అనుమతిస్తే రెండు కీలు కొని రెండూ నమోదు చేయండి, ఒకటి దగ్గర, ఒకటి దూరంగా. ఒక్కటే కొంటే, అది పోయిన రోజు మీరే బయట నిలబడాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కీ పెట్టినా చాలా ఖాతాల్లో ఎస్ఎంఎస్ ప్రత్యామ్నాయంగా అలాగే ఉండిపోతుంది. లాగవుట్ అయ్యి ‘నా దగ్గర కీ లేదు’ అన్న దారిలో మీరే వెళ్లి చూడండి. చివరిదాకా వెళ్లక్కర్లేదు, ఏం అడుగుతోందో చూస్తే చాలు. ఎస్ఎంఎస్ అడిగితే మీ ఖాతా బలం ఎస్ఎంఎస్ బలమే. సెట్టింగుల్లో దాన్ని తీసేసి, మళ్లీ అదే దారిలో వెళ్లి చూడండి.

తర్వాత విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్. మీరు ముందే చేర్చిన వాలెట్ చిరునామాలకు (నాణేలు అందుకునే ఖాతా నంబర్లలాంటివి) తప్ప ఇంకెక్కడికీ నాణేలు పోకుండా చేసే సెట్టింగ్ ఇది. కొత్త చిరునామా చేర్చాక 24 లేదా 48 గంటలు ఆగేలా పెట్టే వీలుంటే ఎక్కువ గడువే ఎంచుకోండి. దొంగ లోపలికొచ్చినా, మీరు హెచ్చరిక చూసి ఖాతా స్తంభింపజేయడానికి దొరికే సమయం అదే. యాంటీ ఫిషింగ్ కోడ్ ఉంటే అదీ పెట్టండి, అంటే ఎక్స్ఛేంజ్ పంపే మెయిళ్లలో కనిపించేలా మీరు ఎంచుకునే పదం. ఆ పదం లేని మెయిల్ ఎక్స్ఛేంజ్‌ది కాదు. మీ తరఫున కొని అమ్మే ప్రోగ్రామ్‌కి (ట్రేడింగ్ బాట్) ఏపీఐ కీ, అంటే అది మీ ఖాతాని వాడుకునే తాళం, ఇవ్వాల్సి వస్తే విత్‌డ్రాయల్ అనుమతి తీసేసి, ఆ బాట్ నడిచే కంప్యూటర్ ఐపీ చిరునామాకి పరిమితం చేయండి. 2019 మేలో బైనాన్స్ ఎక్స్ఛేంజ్ నుంచి 7,000 బిట్‌కాయిన్లు పోయినప్పుడు దొంగల చేతికి చిక్కినవాటిలో వాడుకరుల ఏపీఐ కీలు, టూఎఫ్ఏ (రెండో అంచె) కోడ్‌లు కూడా ఉన్నాయి.

కంప్యూటర్‌లో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేరితే పాస్‌వర్డ్ అవసరమే లేదు. మీరు లాగిన్ అయ్యారని సైట్‌కి గుర్తుచేసే బ్రౌజర్ కుకీని కాపీ చేసుకుంటే రెండో అంచె అడగకుండానే లోపలికి వెళ్లొచ్చు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, ఊరూపేరూ లేని ఎక్స్‌టెన్షన్లు వీటికి మామూలు దారులు. ఎక్స్ఛేంజ్‌కి విడిగా ఒక బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకుని, అందులో పాస్‌వర్డ్ మేనేజర్ తప్ప ఇంకే ఎక్స్‌టెన్షనూ ఉంచకండి. పని అవగానే లాగవుట్ అవ్వండి. కాపీ చేసిన వాలెట్ చిరునామాని అతికించేలోపు మార్చేసే మాల్వేర్ కూడా ఉంది. మొదటి, చివరి అక్షరాలు మాత్రమే పోల్చి చూసేవాళ్ల కోసం అచ్చం అలాంటి చిరునామా నుంచి చిల్లర పంపి, లావాదేవీల జాబితాలో చేర్చే మోసమూ ఉంది. జాబితాలోంచి ఎప్పుడూ కాపీ చేయకండి, మధ్య అక్షరాలూ చూడండి, ముందు చిన్న మొత్తం పంపి చేరిందని నిర్ధారించుకోండి.

కాయిన్‌బేస్ సపోర్ట్ సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి దొంగలు వాడుకరుల వివరాలు సంపాదించారని 2025లో బయటపడింది. అందుకని ఫోన్ చేసినవాడికి మీ పేరు, చిరునామా తెలిసినంత మాత్రాన అతను ఎక్స్ఛేంజ్ మనిషని నమ్మకండి. ‘మీ నాణేలను సురక్షిత వాలెట్‌కి మార్చండి’ అన్నాడంటే మోసమే. ఫోన్ పెట్టేసి, బుక్‌మార్క్ నుంచి సైట్ తెరవండి.

ఖాతా స్తంభింపజేసే బటన్ ఎక్కడుందో ఈరోజే వెతికి పెట్టుకోండి. అనుమానం వస్తే, మాల్వేర్ ఉండొచ్చనుకునే కంప్యూటర్‌ని ముట్టుకోకుండా వేరే పరికరం నుంచి ముందు ఖాతా ఆపేయండి. తర్వాత మెయిల్‌లోని సెషన్లన్నీ లాగవుట్ చేసి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఏపీఐ కీలు తీసేయండి. ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డ్ ఆ తర్వాతే. మెయిల్ ఇంకా దొంగ చేతిలో ఉండగా దాన్ని మారిస్తే, వాడు నిమిషంలో మళ్లీ రీసెట్ చేసుకుంటాడు.