కోడ్ కార్డులతో ఓ ఆదివారం

ఇంట్లో పేరుకుపోయిన పోకీమాన్ కోడ్ కార్డులన్నీ ఇవాళ ముందేసుకుని కూర్చున్నాను. చెల్లెలి కొడుకు ప్యాక్ విప్పినప్పుడల్లా కార్డులు తను తీసుకుని, కోడ్ మాత్రం నా చేతిలో పెడతాడు. చాలామంది దాన్ని రేపర్‌తో పాటే చెత్తబుట్టలో పడేస్తారు. నాకు మనసొప్పదు. ఇంగ్లిష్ బూస్టర్ ప్యాక్‌లో (లోపల ఏ కార్డులున్నాయో తెలియకుండా కొనే చిన్న ప్యాకెట్) పది కార్డులు, పోకీమాన్ దాడులకు కావలసిన ఒక బేసిక్ ఎనర్జీ కార్డుతో పాటు ఈ కోడ్ కార్డు కూడా వస్తుంది. బల్ల మీద ఆడే ఆటలో దానికి పనేమీ లేదు. కానీ దాని మీదున్న కోడ్‌ను, ఇవే కార్డులతో ఫోన్‌లో ఆడుకునే పోకీమాన్ టీసీజీ లైవ్‌లో ఎక్కిస్తే ఇంకో ప్యాక్ మన ఖాతాలో పడుతుంది. అందులో వచ్చేవి మన చేతిలో ఉన్న కార్డులకు నకళ్లు కావు. అదృష్ట పరీక్ష మళ్లీ మొదటినుంచే. డబ్బు పెట్టి కొన్నదాంట్లో సగభాగం అది. దాన్ని చూడకుండానే పారేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

వాడు పక్కనే మఠం వేసుకుని కూర్చుని సెట్ల వారీగా కట్టలు కట్టాడు. అడుగున ఎక్కడో సన్ అండ్ మూన్ సెట్ల కాలం నాటివి బయటపడ్డాయి. కొన్ని ఆకుపచ్చవి, కొన్ని తెల్లవి.

"ఈ రంగులేంటి పెద్దమ్మా?"

చెప్పాను. తెల్ల కోడ్ కనిపించిందంటే ఆ ప్యాక్‌లో హోలో (తళతళ మెరిసే కార్డు) గానీ అంతకంటే మంచి కార్డు గానీ ఉన్నట్టు. ఆకుపచ్చది వచ్చిందంటే మెరుపు లేని మామూలు రేర్ (అరుదైన) కార్డుతో సరిపెట్టుకోవాలి. దాంతో ప్యాక్ చించగానే ముందు కోడ్ కంట్లో పడితే సస్పెన్స్ అక్కడితో సరి. అందుకే తెలిసినవాళ్లు కళ్లు పక్కకు తిప్పుకుని కోడ్‌ను తీసి బోర్లా పెట్టేవాళ్లు. 2023లో స్కార్లెట్ అండ్ వయొలెట్ సెట్లు మొదలయ్యాక ప్రతి ప్యాక్‌లోనూ రేర్ కార్డు హోలోగానే వస్తోంది కాబట్టి ఆ రంగుల గుట్టు అవసరం లేకుండా పోయింది. నాకు బాగా నచ్చిన మార్పు ఇది. ప్యాక్‌లో ఏముందో చెప్పాల్సింది చివరి కార్డే తప్ప కోడ్ కాదు.

ఈ కోడ్‌లు 2011లో బ్లాక్ అండ్ వైట్ సెట్‌తో మొదలయ్యాయి. అప్పట్లో అవి టీసీజీ ఆన్‌లైన్ అనే పాత ఆట కోసం. అక్కడో అందం ఉండేది. కోడ్‌తో వచ్చిన ప్యాక్‌ను విప్పకుండా అలాగే ఉంచుకుని, మనకు కావలసిన కార్డు ఉన్నవాళ్లకు ఇచ్చి మార్చుకోవచ్చు. విప్పని ప్యాక్‌లే అక్కడ డబ్బు. ఏ కార్డుకు ఎన్ని ప్యాక్‌లు ఇవ్వచ్చో పిల్లలు కూడా టకటకా చెప్పేవాళ్లు. 2023 జూన్‌లో దాన్ని మూసేశారు, దాని స్థానంలో లైవ్ వచ్చింది. ఇక్కడ మార్పిడి లేదు. ఒకే కార్డు నాలుగుకు మించి వస్తే ఎక్కువైనవి క్రెడిట్లుగా మారతాయి, ఆ క్రెడిట్లతో కావలసిన కార్డు తయారుచేసుకోవచ్చు. ఎవరితోనూ బేరం ఆడక్కర్లేదు, మోసపోయే భయం లేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదే మేలని ఒప్పుకుంటాను. అయినా బేరాల్లో మనుషులు పరిచయమయ్యేవాళ్లు, ఆ ముచ్చట పోయినందుకు బాధగానే ఉంది.

ఇక అసలు పని. కార్డు మీద అక్షరాలు, అంకెలు మూడు, నాలుగు, మూడు, మూడుగా విడదీసి బాహాటంగా అచ్చేసి ఉంటాయి, పక్కనే క్యూఆర్. దాని మీద పూత లేదు, మూత లేదు. ఎవరి కంట పడితే వాళ్లు వాడేసుకోవచ్చు. ఒకసారి వాడితే ఇక చెల్లదు, కానీ కార్డు మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. చెల్లే కోడ్, చెల్లని కోడ్ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా తెలియదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట పేరుతో వచ్చిన కార్డుల ఆటలో లూట్ కార్డులని ఉండేవి. వాటి కోడ్ రీచార్జ్ కూపన్‌లా గీకే పూత కింద దాగి ఉండేది. 2007 నాటి ఫైర్స్ ఆఫ్ అవుట్‌లాండ్ సెట్‌లో వచ్చిన స్పెక్ట్రల్ టైగర్ కోసం జనం ఎంత వెంపర్లాడారో! గీకితే కంప్యూటర్ ఆటలో ఎక్కి తిరగడానికి పులి వస్తుంది, గీకకుండా దాస్తే కార్డుకు విలువ నిలుస్తుంది. ఏదో ఒకటే. కనీసం గీకారో లేదో చూడగానే తెలిసిపోయేది.

పోకీమాన్ కోడ్‌కు ఆ సాక్ష్యం లేదు కాబట్టి నడిచేదంతా నమ్మకం మీదే. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. స్కాన్ చేసి, ప్యాక్ ఖాతాలో పడిందని స్క్రీన్ మీద చూశాక వెంటనే కార్డు మూల చించేయాలి. కట్ట పూర్తయ్యాక చించుదామంటే కుదరదు. ఇవాళ చించే డ్యూటీ వాడిది. కార్డు నున్నగా ఉండడంతో లైటు పడి మెరిసి, కొన్ని ఓ పట్టాన స్కాన్ కావు. వాడు అరచేయి అడ్డం పెట్టి నీడ చేస్తే నేను ఫోన్ కాస్త ఏటవాలుగా పట్టుకున్నాను. అలా అయితే ఠక్కున తీసుకుంది.

అబ్సిడియన్ ఫ్లేమ్స్ కట్టను మాత్రం ముట్టుకోలేదు. నాతో పనిచేసే ఆవిడ కూతురు ఫోన్‌లోనే ఆడుతుంది, కాగితం ప్యాక్‌లు కొనదు. చారిజార్డ్ ఈఎక్స్ అనే కార్డు చుట్టూ డెక్ (ఆటకు పేర్చుకునే కార్డుల కట్ట) కడుతోంది. కింది పోకీమాన్‌ను ఎవాల్వ్ చేయడానికి, అంటే పై రూపానికి మార్చడానికి, చేతిలోంచి దించగానే డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీల దాకా వెతికి తగిలించే కార్డు అది. దానికి తోడు పిడ్జియట్ ఈఎక్స్ ఉంటే ప్రతి టర్న్‌లో డెక్‌లోంచి నచ్చిన కార్డు తీసుకోవచ్చు. రెండూ ఆ సెట్‌లోవే. అందుకే ఆ కట్ట తనకు. దాచుకోవడానికే కార్డులు కొనేవాళ్లు కోడ్‌లు ఇలా ఆడే పిల్లలకు ఇస్తే చాలు, సొంతంగా ప్యాక్‌లు కొనలేనివాళ్ల డెక్‌లు కూడా నిండుతాయి. దీనికోసం ఎవరినైనా బతిమాలడానికి నేను సిద్ధం. కోడ్‌లు కనబడేలా గ్రూపుల్లో ఫొటోలు పెట్టడం వేరు. అక్కడ మెరుపులా ఎవరో లాగేసుకుంటారు, ఎవరికి చేరిందో కూడా తెలియదు. నేను ఒక్కొక్కటి టైప్ చేసి, ఆ అమ్మాయికే విడిగా పంపాను. వాడు పక్కనుంచి అక్షరాలు పైకి చదివి సరిచూశాడు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఆంటీ, అన్నీ పనిచేశాయి! పిడ్జియట్ వచ్చింది. చారిజార్డ్ రాలేదు కానీ క్రెడిట్లు సరిపోయాయి, తయారుచేసుకున్నా. థాంక్యూ!" వెంటనే డెక్ లిస్ట్ కూడా పంపింది. 60 కార్డులూ కుదిరాయి. మధ్య మెట్టు దాటించి ఎవాల్వ్ చేయించే రేర్ క్యాండీ మూడే పెట్టింది, నాలుగోది కూడా పెట్టమని చెప్పాను. మావాడు ఫోన్ లాక్కుని ఆ లిస్ట్ అంతా చదివి, తను కూడా లైవ్‌లో ఖాతా తెరుస్తానని, ఆ అక్కతో ఒక మ్యాచ్ పెట్టించమని పట్టుబట్టాడు. ముందు మీ అమ్మని అడగమన్నాను. అప్పటికే అడగడానికి పరిగెత్తాడు.