జాయిస్ నవలా, మా సెమినారు హాలూ

ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ (1916) మీద నేను చేసిన ఎం.ఏ. ప్రాజెక్టుకు నిన్ననే వైవా ముగిసింది. అంశం ఎంపిక, సినాప్సిస్ ఆమోదం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. చెప్పుకోవలసిందల్లా మధ్యలో జరిగిన సెమినారు గురించే.

ఆ రోజు మొదటి అధ్యాయాన్ని వాక్యం వాక్యంగా వివరించాను. కథానాయకుడు స్టీఫెన్ అప్పటికి పసివాడు. అతని ఇంట్లో డాంటే అనే ఆవిడకు రెండు బ్రష్షులు ఉంటాయి. మెరూన్ వెల్వెట్ ఉన్నది మైకేల్ డేవిట్‌కు గుర్తు, ఆకుపచ్చది పార్నెల్‌కు గుర్తు. ఇద్దరూ ఆనాటి ఐర్లండ్ జాతీయవాద నాయకులు. తర్వాత క్లాంగోస్ బడిలో ఫ్లెమింగ్ అనే కుర్రవాడు స్టీఫెన్ భూగోళ పుస్తకంలోని బొమ్మకు రంగులు వేస్తూ భూమిని ఆకుపచ్చగా, మేఘాలను మెరూన్‌గా దిద్దుతాడు. అవి చూడగానే స్టీఫెన్‌కు, డాంటే ఒకనాడు కత్తెరతో ఆకుపచ్చ వెల్వెట్‌ను ఊడబెరికి, పార్నెల్ చెడ్డవాడని చెప్పిన సంగతి గుర్తుకొస్తుంది. విడాకుల కేసు వల్ల 1890లో పార్నెల్ పార్టీ చీలిపోయిన వైనాన్ని రచయిత ఎక్కడా విడమర్చడు. పిల్లవాడి బుర్రకు ఎంత అందిందో మనకూ అంతే అందుతుంది.

ఇంత చెప్పాక మా గైడు గారు అందరి ముందూ, “ఇవన్నీ సరేనమ్మా, ఇందులో థియరీ ఏది? నీ అభిప్రాయం ఎవరికి కావాలి?” అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. అంతటితో ఆగక, స్టీఫెనే జాయిస్ కనుక రచయిత జీవితచరిత్రను ఒక అధ్యాయంగా రాస్తే సరిపోతుందని సెలవిచ్చారు. నవలను నిజంగా చదివినవారెవరూ ఆ మాట అనరు. 1944లో అచ్చయిన ‘స్టీఫెన్ హీరో’ అనే ఈ నవల పాత చిత్తుప్రతిని పక్కన పెట్టుకుని చూస్తే, వ్యాఖ్యానించే గొంతును జాయిస్ ఎంతగా తగ్గించాడో తెలుస్తుంది. అందువల్లనే స్టీఫెన్‌ను మెచ్చుకుంటున్నాడా, ఎగతాళి చేస్తున్నాడా అన్నది విమర్శకులకు తెగని తగవు అయింది. హ్యూ కెన్నర్ వ్యంగ్యం వైపు మొగ్గగా, రచయిత వైఖరి తేల్చుకోవడానికి ఆధారాలు చాలవని వెయిన్ బూత్ 1961లో ఆక్షేపించాడు.

నా సమాధానాన్ని నవలలోనే వెతికాను. నాలుగో అధ్యాయం సముద్రతీరాన ఒక అమ్మాయిని చూసిన పరవశంతో ముగుస్తుంది. ఐదోది నీళ్ళ టీతో, వేయించిన రొట్టె అంచులతో, మోచేతి పక్కనున్న తాకట్టు చీటీల పెట్టెతో మొదలవుతుంది. ఎగతాళి కావాలంటే అక్కడుంది, జాలి కావాలన్నా అక్కడే ఉంది.

ఈ దారిన వచ్చేవారు బజారు నోట్సు జోలికి పోకుండా, చెస్టర్ ఆండర్సన్ సరిదిద్దిన 1964 ప్రతినిగానీ, గాబ్లర్ 1993 ప్రతినిగానీ తీసుకుని, విమర్శకుల కంటే ముందు నవలనే పెన్సిలు పట్టుకుని చదవాలి. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఆ తాకట్టు చీటీల పేజీయే తెరిపించి చాలాసేపు మాట్లాడించారు. ఆ పఠనమంతా తామే దగ్గరుండి చేయించామని మా గైడు గారు సాయంత్రం స్టాఫ్ రూములో చెప్పుకున్నారట.