క్రాంక్ పుల్లీ పని

మా డీజిల్ కారు ఇంజనుకి కొత్త బెల్టు వేయించినా కీచుమనే చప్పుడు పోలేదంటే తప్పు బెల్టుది కాదు. అమలాపురంలో ఒకరు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బేరింగ్ అన్నారు, ఇంకొకరు బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ అన్నారు. నిన్న సాయంత్రం బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా పక్క నుంచి టార్చి వేసి చూశాను. క్రాంక్ అంటే ఇంజను తిప్పే ఇరుసు, దాని మొనకి ఉండి బెల్టుని తిప్పే చక్రమే క్రాంక్ పుల్లీ. దాని అంచు, పడిపోయే ముందు బొంగరం ఊగినట్టు ఊగుతోంది. బెల్టు ఒక పక్కకి జరిగి పోగులు లేస్తున్నాయి.

అనుమానం తీరాలని ఇంజను ఆపి, పిల్లల వైట్‌నర్‌తో పుల్లీ మధ్య బొడ్డు నుంచి బయటి అంచు దాకా ఒక గీత గీశాను. ఏసీ వేసి కాసేపు రేజ్ చేసి ఆపితే గీత రెండు ముక్కలైంది. బొడ్డు మీది ముక్క ఒక చోట, అంచు మీది ముక్క బెత్తెడు పక్కన.

చూడ్డానికి ఒకే ఇనుప ముద్ద గానీ ఈ పుల్లీ రెండు భాగాలు. బొడ్డు క్రాంక్‌కి బిగించి ఉంటుంది, బెల్టు బయటి రింగు మీద తిరుగుతుంది, రెంటినీ పట్టి ఉంచేది మధ్యలోని రబ్బరు పట్టీ. సిలిండర్లో డీజిల్ మండిన ప్రతిసారీ క్రాంక్ రవ్వంత మెలిపడి వెనక్కి వస్తుంది. ఆ వణుకు మింగడానికే ఆ రబ్బరూ, ఆ బరువైన రింగూ. వేడికీ ఆయిలుకీ ఏళ్ల తరబడి నాని రబ్బరు వదిలేస్తే రింగు జారుతుంది, బెల్టు అరుస్తుంది, చార్జింగ్ తగ్గుతుంది. కొన్ని ఇంజన్లలో టైమింగ్ గుర్తు, అంటే ఇంధనం ఎప్పుడు మండాలో సరిచూసే గుర్తు, ఆ రింగు మీదే ఉంటుంది. అది జారాక గుర్తు చూసి పెట్టే టైమింగంతా అబద్ధమే.

ఇవాళ బాబాయి, పుల్లీని లాగి తీసే పుల్లర్ పట్టుకుని వచ్చాడు. చెరువుల దగ్గర ఆయిలింజన్లు బాగుచేసి బతికిన మనిషి. వస్తూనే, "ముందు బ్యాటరీ మైనస్ పీకెయ్యరా, కాఫీ తర్వాత తాగుదాం" అన్నాడు. మాది ఒండ్రు నేల, రాత్రి వానకి మెత్తబడి ఉంది. జాకీ దిగబడకుండా తాటి దూలం ముక్క వేసి, కారు లేపి, స్టాండ్లు పెట్టి చక్రం తీశాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టేవాళ్ల ధైర్యం నాకు లేదు. బెల్టు వెళ్లే దారి ఫోనులో ఫొటో తీసుకున్నాను.

అసలు కుస్తీ మధ్య బోల్టుతోనే. అంతర్వేది వైపు మా తిరుగుడు ఎక్కువ, ఉప్పుగాలికి తుప్పు బాగా పట్టింది. కొన్ని ఇంజన్లలో ఈ బోల్టు ఎడమ మర, అంటే తిరగేసి తిప్పితేనే వదిలేది, కాబట్టి ముందు మాన్యువల్ చూశాం. మాది మామూలు మరే. కారు ఐదో గేరులో పెట్టి, మా ఆవిడ బ్రేకు తొక్కి పట్టుకుంటే, పానా పిడికి పొడవాటి జీఐ పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. గోడ మీంచి చూస్తున్న పక్కింటాయన, "పానా ఛాసిస్‌కి ఆనించి ఒక్క సెల్ఫ్ కొట్టండి, ఊడొస్తుంది" అన్నాడు. పానా జారితే ఎవరి మూతి పగులుతుందో ఆయన చెప్పలేదు. చివరికి టక్కుమని వదిలింది.

పుల్లర్ కాళ్లు బయటి రింగుకి తగిలిస్తే రింగు చేతికొచ్చి బొడ్డు అక్కడే ఉండిపోతుందని బాబాయి బొడ్డునే పట్టి లాగాడు. బయటికొచ్చిన బొడ్డు మెడ మీద, ఇంజను ఆయిలు కారకుండా ఆపే ఆయిల్ సీల్ పెదవి ఒరుసుకునే చోట, అరిగి సన్నటి గాడి పడింది. గోరు పెట్టి రాస్తే గోరు ఆగింది. సీల్ కూడా ఎండిపోయి గట్టిపడింది. ఇంత దూరం విప్పాక దాన్ని వదిలేయడం పిసినారితనం, కొత్తది వేశాం. పుల్లీ క్రాంక్ మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క, కీ, అరగలేదు, అది కూర్చునే గాడి కూడా వెడల్పు కాలేదు. ఇక్కడే నా టెన్షన్ సగం దిగింది.

కొత్త పుల్లీని పాతదాని పక్కన పెట్టి బెల్టు గాడులు లెక్కపెట్టాను, లోతు చూశాను, రబ్బరు చుట్టూ వేలితో తడిమాను. మెడకి కాస్త ఆయిలు రాసి ఎక్కించాం. సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్లని చాలామందిని చూశాను. ఆ దెబ్బ పోయి, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. బోల్టు కూడా కొత్తదే. మా ఇంజనుకి చెప్పిన టార్క్, అంటే బిగింపు బలం, పెట్టాక ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. అలా బిగించినప్పుడు బోల్టు కొంచెం సాగుతుంది గనక పాతది మళ్లీ వాడకూడదు.

పుల్లీ ఊగుడు కొలిచే డయల్ గేజ్ మా దగ్గరెక్కడిది? వెల్డింగ్ కడ్డీ ఒకటి వంచి, మొన రింగుకి తగిలీ తగలనట్టు కట్టి, ఇంజనుని పానాతో మెల్లగా తిప్పాం. చుట్టంతా ఒకటే సందు. బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేస్తే బెల్టు నడిమధ్యలో నిలకడగా తిరిగింది. మళ్లీ వైట్‌నర్ గీత గీశాను.

గ్రీజు వదలక కొబ్బరి పీచూ సర్ఫూ పెట్టి చేతులు రుద్దుకునేసరికి పనసపొట్టు కూర చల్లారిపోయింది. రేపు కాకినాడ వెళ్లొచ్చాక గీత చూడాలి. చక్రం తీసినప్పుడు బ్రేకు ప్యాడ్లు కూడా పలచబడినట్టు కనిపించాయి. వాటి సంగతి వచ్చే ఆదివారం.