ఐర్లండ్‌లో ఆటపట్టింపులు, రౌండ్లు, చావింటి టీలు

డబ్లిన్‌లోనో, కార్క్‌లోనో, లిమరిక్‌లోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు మొదట జడిసేది యాసకి. అది రెండు మూడు నెలల్లో చెవికి పట్టుబడుతుంది. ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు జేబులో చెయ్యి పెట్టాలో, ఎవరింటికి పిలవకపోయినా వెళ్ళాలో తెలియడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. ఇండక్షన్‌లో ఫైర్ ఎగ్జిట్ ఎక్కడుందో చూపిస్తారు గానీ ఇవెవరూ చెప్పరు.

ముందు నవ్వు సంగతి. చేరిన కొన్నాళ్ళకి ఎవరో ఒకరు మీమీద జోకేస్తారు. మీ లంచ్ డబ్బా సైజో, మే నెలలో కూడా విప్పని చలికోటో, మీటింగ్‌కి అయిదు నిమిషాలు ముందే వచ్చి కూర్చోవడమో, ఏదైనా సరే. దీన్ని స్లాగింగ్ అంటారు. మన పెళ్ళిళ్ళలో బావా బావమరుదులు ఏడిపించుకున్నట్టే ఇదీ. అతిమర్యాదగా మాట్లాడుతున్నంతకాలం మీరు అతిథి కిందే లెక్క. ఏడిపించడం మొదలుపెట్టారంటే జట్టులో కలుపుకున్నారన్నమాట. అప్పుడు మనవాళ్ళు చేసే పొరపాటు సంజాయిషీ ఇచ్చుకోవడం. "లేదండీ, అందులో రెండు కూరలుంటాయి, అందుకని..." అని మొదలుపెడితే ఎదుటివాడికి ఏం చెయ్యాలో తోచదు. "మీ మీటింగులు ఎంత పొడుగో తెలిసే తెచ్చుకున్నా" అంటే సరిపోతుంది. డబ్బా మీదా మీ మీదా మీరే ఇంకో మెట్టు ఎక్కువ జోకేసుకుంటే ఇంకా మేలు.

తిరిగి అనొచ్చు, మేనేజర్నైనా అనొచ్చు. కాకపోతే మొదటి కొన్ని వారాలు వినడమే మంచిది. వాళ్ళ కౌంటీ హర్లింగ్ (కర్రా బంతీ ఆట) జట్టు ఓడిపోయిందనుకోండి, అనొచ్చు. డొక్కు కారునీ అనొచ్చు. జబ్బులు, ఒళ్ళు, పిల్లలు, మతం జోలికి మాత్రం పోకూడదు. ఒకే మనిషి, పదేపదే, మీ రంగు మీదో ఉచ్చారణ మీదో పడుతుంటే అది స్లాగింగ్ కాదు, దానికి నవ్వాల్సిన అవసరమూ లేదు. జాతి, మతం కారణంగా ఉద్యోగంలో వేధించడం అక్కడి సమానత్వ చట్టాల ప్రకారం నేరుగా ఫిర్యాదు చేయదగ్గ విషయం. ఉద్యోగ వివాదాలు చూసే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి మామూలుగా 6 నెలల్లోపు ఫిర్యాదు వెళ్ళాలి. అందుకని ఎప్పుడు, ఎవరి ముందు, ఏమన్నారో తేదీ వేసి రాసిపెట్టుకోవాలి.

ఐరిష్ వాళ్ళ దృష్టిలో గొప్పలు పోవడమంత పెద్ద తప్పు ఇంకోటి లేదు. ప్రమోషన్ వచ్చినా, లాటరీ తగిలినా, "ఎలా ఉన్నావ్" అంటే "నాట్ టూ బ్యాడ్" అనే అంటారు. గ్రాండ్ అంటే బ్రహ్మాండమని కాదు, ఫరవాలేదని. అసలు ప్రమాదం "ఐ విల్, యా" దగ్గరుంది. సాగదీసి, కాస్త పైకి చూస్తూ అన్నారంటే చచ్చినా చెయ్యనని. శుక్రవారానికి రిపోర్టు ఇస్తానని ఒప్పుకున్నాడనుకుని ప్లానులో రాసేసుకుంటే శుక్రవారం మీ పని గోవిందా. నిజంగా చేసేవాడు "నో బాదర్" అని పొట్టిగా అనేసి వెళ్ళిపోతాడు. ఇంటికి వెళ్తే ఇంకో చిక్కు. టీ ఇస్తామంటే మొదటిసారి ఒప్పుకునేవాళ్ళు తక్కువ, ఒకసారి అడిగి ఊరుకునేవాళ్ళూ తక్కువే. ఈ విషయంలో మన మొహమాటం అక్కడ భేషుగ్గా చెల్లుతుంది. మీ ఇంటికి వాళ్ళొచ్చినప్పుడు వద్దన్నారని వదిలెయ్యకుండా రెండోసారీ మూడోసారీ అడగండి.

ఇక పబ్బులో రౌండు. లెక్క తేలికే: నలుగురు కూర్చుంటే నాలుగు రౌండ్లు, ఒక్కొక్కరూ ఒకసారి అందరికీ కొంటారు. అంటే మొదటి రౌండులో చేరారంటే నాలుగు గ్లాసులకి కట్టుబడ్డట్టే. తప్పెక్కడ జరుగుతుందంటే, మూడు రౌండ్లు ఇంకొకళ్ళ డబ్బుతో తాగి "బస్సుకి టైమైంది" అని లేచిపోవడం. పైకి ఎవరూ ఏమీ అనరు, కానీ మర్చిపోరు. త్వరగా వెళ్ళాల్సినవాళ్ళు మొదటి రౌండో రెండో రౌండో తామే కొనెయ్యాలి. మీ వంతు వచ్చినప్పుడు, చాలామంది గ్లాసుల్లో మూడోవంతు మిగిలి ఉండగానే కొనడానికి లేవాలి, ఖాళీ గ్లాసులు చూస్తూ కూర్చోబెట్టకూడదు. ఎనిమిది మంది ఉంటే ఒకే రౌండులో దూరకండి, మూడేసి నాలుగేసి మందిగా విడిపోవడం అందరికీ క్షేమం.

తాగనివాళ్ళ మాటేమిటి? రెండు దారులున్నాయి. ఆల్కహాల్ సున్నా శాతం ఉన్న గిన్నెస్ బీరో, నిమ్మరసం సోడానో తీసుకుంటూ రౌండులో ఉండొచ్చు, మీ వంతు వచ్చినప్పుడు అందరికీ కొనాలి. లేదా కూర్చోకముందే "బండి నడపాలి, నాది నేను చూసుకుంటా" అనొచ్చు. ఆ మాట ముందే చెప్తే ఎవరూ బలవంతం చెయ్యరు, మధ్యలో చెప్తే తప్పించుకున్నట్టుంటుంది. రెండోసారి అడిగితే అది మర్యాదే గానీ ఒత్తిడి కాదు.

కౌంటర్ దగ్గర గిన్నెస్ ముందు చెప్పాలి, మిగతావి తర్వాత. గ్లాసు 45 డిగ్రీలు వంచి ముప్పాతిక దాకా పోస్తారు, నురగ పైకి తేలి కింద నల్లగా తేరేదాకా ఆగి, అప్పుడు నిటారుగా పెట్టి పైదాకా నింపుతారు. ఇదంతా అయ్యేసరికి దాదాపు రెండు నిమిషాలు, ఆలోగా మిగతా గ్లాసులు సిద్ధమవుతాయి. ముప్పాతిక గ్లాసు కౌంటర్ మీద కనిపించగానే అందుకుంటే పబ్బంతా నవ్వుతుంది. కౌంటర్లో గ్లాసుకి టిప్పు ఇవ్వనక్కర్లేదు. మందు తాగే శాకాహారులకి (ఈ జాతి మనలోనే ఎక్కువ) ఒక మాట: బీరు తేర్చడానికి వాడే చేప పదార్థాన్ని గిన్నెస్ వాళ్ళు 2010ల చివర్లో మానేశారు.

హాలోవీన్ అక్టోబర్ 31న, చాలా ఏళ్ళు దీపావళికి అటూ ఇటూగా వస్తుంది. పిల్లలు తలుపు కొడతారు, చిన్న చాక్లెట్ల సంచులు ఒకటి రెండు ఉంచుకోవాలి. ఇష్టం లేకపోతే బయట లైటు ఆర్పేస్తే చాలు. బార్మ్‌బ్రాక్ అనే ఎండుపళ్ళ రొట్టెలో ఉంగరం ఉంటుంది, దొరికినవాళ్ళకి ఏడాదిలో పెళ్ళంటారు, పళ్ళు జాగ్రత్త. అసలు జాగ్రత్త టపాసుల విషయంలో పడాలి. రాకెట్లు, చిచ్చుబుడ్లు, బాంబులు లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం, ఉత్తర ఐర్లండ్‌లోని న్యూరీలో కొని సరిహద్దు దాటించినా అంతే. 10,000 యూరోల దాకా జరిమానా, 5 ఏళ్ళ దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా! చేత్తో పట్టుకునే కాకరపువ్వొత్తుల్లాంటి తక్కువ ప్రమాదం ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు.

అన్నిటికంటే మనకి కొత్తగా ఉండేది చావు. సహోద్యోగి తల్లి పోయిందని ఆఫీసులో మెయిల్ వస్తుంది. ఆమెను మీరెప్పుడూ చూసి ఉండరు. అయినా వెళ్ళాలి. పుట్టినరోజు పార్టీకి వెళ్ళకపోతే ఎవరూ పట్టించుకోరు, దీనికి వెళ్తే మాత్రం ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటారు. వివరాలు ఆర్‌ఐపీ డాట్ ఐఈలో ఉంటాయి. దేశమంతా చూసే సైట్ అది. అంతా సాధారణంగా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది కాబట్టి వెంటనే చూడాలి. రిపోజింగ్ అని, పోయినవాళ్ళని చూసి వెళ్ళడానికి ఒక సాయంత్రం టైము వేస్తారు, 5 నుంచి 8 దాకా అన్నట్టు. సహోద్యోగులు వెళ్ళాల్సింది అప్పుడే. "హౌస్ ప్రైవేట్" అని ఉంటే ఇంటికి పోకూడదు, ఫ్యూనరల్ హోమ్‌కో చర్చికో వెళ్ళాలి. "ఫ్యామిలీ ఫ్లవర్స్ ఓన్లీ" అంటే పువ్వులు తేవద్దని, ఏ ఆసుపత్రి సేవాసంస్థకో విరాళమిస్తే చాలని.

అక్కడ వరస ఉంటుంది. పుస్తకంలో పేరు రాయండి, వరసలో నిలబడి ఇంటివాళ్ళందరికీ చెయ్యి కలపండి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అనండి. ఇంకో మాట అక్కర్లేదు. మీరెవరో తెలియనివాళ్ళకి "ఫలానావాళ్ళతో కలిసి పనిచేస్తా" అంటే సరి. శవపేటిక మూత చాలావరకు తెరిచే ఉంటుంది, దగ్గర ఒక నిమిషం తలవంచుకుని నిలబడితే చాలు, తాకనక్కర్లేదు. ఇంట్లో అయితే టీ, శాండ్‌విచ్‌లు చేతిలో పెడతారు. చావింట్లో మంచినీళ్ళైనా ముట్టని అలవాటు మనది. అక్కడ కప్పు అందుకోకపోతే బాగోదు. ఇంటికొచ్చి తలస్నానం చెయ్యండి, ఎవరొద్దన్నారు! పక్కగదిలో పోయినావిడ కబుర్లు చెప్పుకుని పగలబడి నవ్వుతుంటే ఉలిక్కిపడొద్దు. ఆ నవ్వు కూడా ఆవిడ కోసమే.

మర్నాడు చర్చిలో జరిగే మాస్ ప్రార్థనకి వెళ్తే వెనక బెంచీలో కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి. మోకరిల్లడం మీ ఇష్టం. ప్రసాదం కోసం లేచే వరసలోకి క్యాథలిక్కులు కానివాళ్ళు వెళ్ళకూడదు. దానికి కాస్త ముందు పక్కవాళ్ళు చెయ్యి చాపుతారు, కలపాలి. నల్లబట్టలే ఉండాలని లేదు, ముదురు రంగు కోటు చాలు. ఆఫీసు నుంచి వెళ్ళేటప్పుడు నలుగురూ ఒకే కారులో వెళ్ళండి, పల్లెటూళ్ళలో చర్చికి దారి పొడుగునా కార్లే ఉంటాయి.