క్యాడెట్: తల నుంచి తమ్ముడి దాకా

క్యాడెట్ అంటే సైన్యంలో శిక్షణ పొందే కుర్రాడని చాలామంది చెప్పేస్తారు. అది సగమే నిజం. కమిషన్ కోసం, అంటే అధికారి హోదా కోసం తర్ఫీదు పొందేవాళ్లనే సైన్యంలో క్యాడెట్ అంటారు. సిపాయిగా చేరి కసరత్తు చేసేవాడు రిక్రూట్. రెండు మాటలూ ఫ్రెంచి నుంచి వచ్చినవే గానీ పుట్టుకలు వేరు. రిక్రూట్‌కి మూలం ‘మళ్లీ పెరగడం’ అనే అర్థమున్న క్రియ: తరిగిపోయిన దళాన్ని మళ్లీ నింపడానికి తెచ్చిన మనిషి అన్నమాట. క్యాడెట్ పుట్టుక ఇంత సూటిగా ఉండదు.

మొదలు లాటిన్‌లోని ‘కాపుత్’, అంటే తల. దానికి చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేరితే ‘కాపితెల్లుమ్’. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చిన్న తల కాబట్టి చిన్న అధికారి, అందుకే శిక్షణలో ఉన్నవాడు అని లెక్క కట్టేస్తారు. కానీ ఈ మాట నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ చేరేసరికి ఆ ప్రత్యయంలోని చిన్నదనం అరిగిపోయింది. అక్కడి ‘కప్‌డెత్’ అంటే నాయకుడు, దళపతి.

ఈ మాట గాస్కనీదేనని చెప్పడానికి ఆధారం దాని ధ్వనుల్లోనే ఉంది. లాటిన్ మాట చివరి ‘ఎల్లుమ్’ గాస్కన్‌లో ‘ఎత్’ అవుతుంది. కోట అనే అర్థమున్న ‘కాస్తెల్లుమ్’ ఉత్తరాది ఫ్రెంచిలో ‘షాతో’ అయితే, గాస్కన్‌లో ‘కాస్తెత్’ అయింది. కాపితెల్లుమ్ కూడా అంతే. రెండు అచ్చుల నడుమ త కాస్తా ద అయింది, మధ్యలోని ఇ రాలిపోయింది, చివర ఎత్ మిగిలింది. ఇంకో గుర్తు మొదటి అక్షరం. ఉత్తరాది ఫ్రెంచిలో లాటిన్ ‘కా’ సాధారణంగా ‘షా’ అవుతుంది. అక్కడ ఇదే కాపితెల్లుమ్ ‘షాపితో’ అయి స్తంభం తలకట్టుకి పేరుగా స్థిరపడింది. క్యాడెట్‌లో ‘క’ చెక్కు చెదరలేదంటే అది దక్షిణాది నుంచి వచ్చిన మాటే.

మరి నాయకుడు తమ్ముడెలా అయ్యాడు? వారసత్వం వల్ల. గాస్కనీ ప్రభువుల ఇళ్లలో ఆస్తి చాలావరకు పెద్దకొడుక్కే దక్కేది. మిగిలినవాళ్లకి ఉన్న దారుల్లో ముఖ్యమైనది కత్తి పట్టడం. 15వ శతాబ్దంలో ఫ్రెంచి రాజు కొలువుకి వచ్చిన గాస్కన్ దళపతుల్లో ఎక్కువమంది ఇలాంటి చిన్నకొడుకులే. తమవాళ్లు వాళ్లని కప్‌డెత్ అంటుంటే, భాష తెలియని ఉత్తరాదివాళ్లు ‘ఓహో, ఇంటి చిన్నవాణ్ణి ఇలా అంటారు కాబోలు’ అనుకున్నారు. బిరుదు కాస్తా వరస అయిపోయింది. ఫ్రెంచిలో ‘కాదె’ అంటే నేటికీ తోబుట్టువుల్లో చిన్నవాడే. ‘నా చింతల్లో అది కాదె’, అంటే అన్నిటికన్నా చిన్నది, అంటే దాని గురించి నాకు బెంగే లేదని. రాజవంశాల చరిత్రలో చిన్నకొడుకు సంతతిని క్యాడెట్ శాఖ అనడం కూడా ఇందుకే: 14వ లూయీ తమ్ముడు ఫిలిప్ నుంచి వచ్చిన ఓర్లియాన్ వంశం అలాంటిదే.

ఇక్కణ్ణుంచి శిక్షణకి ఒక్క అడుగే. హోదా లేకుండా సొంతంగా పటాలంలో చేరి, పని నేర్చుకుంటూ కమిషన్ కోసం ఎదురుచూసే కులీన యువకులకి ఆ పేరు స్థిరపడింది. 1682లో ఫ్రెంచి యుద్ధమంత్రి లూవ్వా అలాంటివాళ్లని కూడగట్టి క్యాడెట్ కంపెనీలు పెట్టాడు. ఆ తర్వాత మాట ఐరోపా అంతా పాకింది. 1741లో ఇంగ్లండ్‌లో మొదలైన వూలిచ్ సైనిక అకాడమీలో చదివినవాళ్లని జెంటిల్మన్ క్యాడెట్లు అన్నారు. 1932లో మొదలైన డెహ్రాడూన్ అకాడమీకి ఆ పేరు వారసత్వంగా వచ్చింది. ఈస్టిండియా కంపెనీ తన క్యాడెట్ల కోసం 1809లో ఇంగ్లండ్‌లోని అడిస్కంబ్‌లో విద్యాలయం తెరిచింది.

ఇంగ్లిష్‌లో ఈ మాట కిందికీ జారింది. స్కాట్లండ్‌లో ‘కాడీ’ అయి, 18వ శతాబ్దపు ఎడిన్‌బరోలో కబుర్లూ మూటలూ మోసే కుర్రాళ్ల పేరైంది. గోల్ఫ్ సంచీ మోసేవాడు వాళ్ల వారసుడే. స్కాట్లండ్ రాణి మేరీ ఫ్రాన్స్ నుంచి క్యాడెట్లని తెచ్చుకుని గోల్ఫ్ కర్రలు మోయించిందనే కథ వినసొంపుగా ఉంటుంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. మర్యాద తెలియని మగవాణ్ణి తిట్టే ‘క్యాడ్’ కూడా ఈ కుదురు నుంచే వచ్చింది.

వాడేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివేవాళ్లు క్యాడెట్లు, అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో చదివేవాళ్లు మిడ్‌షిప్‌మెన్. రెండోవాళ్లని క్యాడెట్లని రాస్తే తప్పు. రష్యా చరిత్ర అనువదించేవాళ్లకి ఇంకో గుంట ఉంది. 1730ల నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ క్యాడెట్ కోర్‌లో ఉన్నది ఈ మాటే. కానీ 1905లో పుట్టిన ‘కాదెత్’ పార్టీవాళ్లు సైనికులు కారు. రాజ్యాంగ ప్రజాస్వామ్య పార్టీ అనే రష్యన్ పేరులోని తొలి అక్షరాలు ‘కా’, ‘దే’ కలిసి ఆ పిలుపు వచ్చింది. వాళ్లని తెలుగులో క్యాడెట్లని రాస్తే రష్యా పార్లమెంటు డ్యూమాలో సైనిక విద్యార్థులు కూర్చున్నారని పాఠకుడు అనుకుంటాడు.