పెట్టెలు సర్దుకునే ముందు, మస్టర్ డ్రిల్ గురించి

క్రూయిజ్‌కి డబ్బు కట్టగానే మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న భోజనం గురించే. సాంబారు ఉంటుందా, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండుతారా, ఆవకాయ సీసా లోపలికి రానిస్తారా అని. ఆ తర్వాత వైఫై. ఆ తర్వాత బాల్కనీ గదికి ఇంకా ఎంత కట్టాలి. సూర్యారావుపేటలో మా ఆయనా నేనూ ఈ చిన్న ట్రావెల్స్ ఆఫీసు తెరిచినప్పటి నుంచీ ఈ వరస మారలేదు. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. డెబ్బై దాటినవాళ్లకి పరాయి దేశంలో రాత్రిపూట ఇంత పెరుగన్నం దొరకడం చిన్న విషయమేమీ కాదు. కానీ ఎవరూ అడక్కపోయినా ప్రతి బ్యాచ్‌కీ నేనే కూర్చోబెట్టి చెప్పేది ఒకటుంది. షిప్పు ఎక్కిన రోజు చేయించే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే చేయించే రిహార్సల్.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. షిప్పులో మంటలు లేచినా, నీళ్లు లోపలికి వచ్చినా, ఇంజన్లు ఆగిపోయినా ఏ ప్రయాణికుడు ఎక్కడికి వచ్చి నిలబడాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ చోటే మస్టర్ స్టేషన్. మీ గది కీ కార్డు మీద ఒక అక్షరమో అంకెతో కలిసిన అక్షరమో ఉంటుంది చూడండి, అదే. గది తలుపుకి లోపలివైపు దారి చూపే మ్యాపు కూడా అంటించి ఉంటుంది. ఆ స్టేషన్ లైఫ్ బోట్ల కింద ఆరుబయట డెక్ కావచ్చు, థియేటర్ కావచ్చు, మనం భోంచేసే హాలే కావచ్చు. ఏడు పొట్టి కూతలు, వాటి వెంట ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే ఆ చోటికి నడవాలి.

పాత పద్ధతిలో షిప్పు కదలకముందే బార్లు, షాపులు మూసేసి, హారన్ మోగించి, అందరినీ ఒకేసారి అక్కడికి రప్పించేవారు. 2020లో కరోనా వచ్చాక జనాన్ని గుంపుగా నిలబెట్టకూడదని చాలా కంపెనీలు పద్ధతి మార్చాయి. జాగ్రత్తలు చెప్పే వీడియోని ఫోన్లోనో గదిలో టీవీలోనో చూడాలి. ఆ తర్వాత వీలు చూసుకుని స్టేషన్‌కి వెళ్తే కార్డు స్కాన్ చేసి పంపేస్తారు. కరోనా పోయినా చాలా షిప్పుల్లో ఇదే నిలిచిపోయింది. ఎండలో నిలబడే బాధ లేదు కాబట్టి అందరికీ హాయిగానే ఉంది. మొదటిసారి షిప్పు ఎక్కే మన పెద్దవాళ్లకి మాత్రం పాత పద్ధతే మేలని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే జరిగేది ఇది. మధ్యాహ్నం షిప్పు ఎక్కుతారు. గదులు ఇంకా సిద్ధం కావు కాబట్టి నేరుగా పైన బఫేకి వెళ్తారు. తిన్నాక ఎవరో ఒకరు 'ఆ స్కానింగేదో చేయించేసుకుందాం పదండి' అంటే, లిఫ్టులో దిగి, ముందు వెళ్తున్నవాళ్ల వెనకే వెళ్లి, కార్డు చూపించి, ఫొటో దిగి వచ్చేస్తారు. బఫే నుంచి స్టేషన్‌కి వెళ్లారు, అదీ లిఫ్టులో. గది నుంచి స్టేషన్‌కి మెట్ల మీదుగా ఒక్కసారి కూడా నడవలేదు. హారన్ రాత్రి రెండింటికి మోగితే వాళ్లుండేది గదిలో. అప్పుడు లిఫ్టు ఎక్కకూడదు. కారిడార్‌లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి, కిటికీ ఉండదు, షిప్పు ముందువైపు ఏదో వెనకవైపు ఏదో తెలియదు. వీడియోలో చూసింది అప్పుడు కాళ్లకి దారి చూపించదు.

అందుకే మా బ్యాచ్ వరకు స్కానింగ్ అయ్యాక మళ్లీ అందరినీ గదుల దగ్గరికి తీసుకొచ్చి, అక్కడి నుంచి మెట్ల మీదుగా నడిపిస్తాను. సింగపూర్ నుంచి వెళ్లిన టూర్లో మా అత్తయ్యగారు కూడా ఉన్నారు. తొమ్మిదో డెక్ మీద గది, నాలుగో డెక్ మీద స్టేషన్. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి అంతస్తు దగ్గరా ఆగి గోడ చూసేవారు. "ఇక్కడ పడవ బొమ్మ. ఇక్కడ ఎర్ర పూలు. కింద నీలం కుర్చీలున్న చోట కుడిచేతి వైపు, అంతేగా?" అని పైకి చెప్పుకుంటూ దిగారు. ఇంగ్లీషు బోర్డు ఒక్కటి కూడా చదవలేదు. ఆ సాయంత్రం వేరే గదిలో ఉన్న ఆవిడ స్నేహితురాలికి దారి ఆవిడే చెప్పారు. దారి అలా ఎవరి గుర్తులతో వాళ్లకి మనసులో పడిపోవాలి. కారిడార్‌లో గోడ కిందుగా, నేలకి దగ్గరగా వెలిగే గీతల్ని కూడా చూపించాను. పొగ పైకి లేచి పై బోర్డులు కనబడనప్పుడు వంగి ఆ గీతల వెంటే వెళ్లాలి.

ఈ డ్రిల్ ఎవరికో తోచి పెట్టింది కాదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు షిప్పులో ఉన్నవాళ్లు రెండువేల రెండొందల మంది దాకా, లైఫ్ బోట్లలో చోటు 1,178 మందికి. ఆ ఉన్న బోట్లయినా నిండా దింపలేదు. 65 మంది పట్టే బోటు మొదటగా నీళ్లలోకి దిగినప్పుడు అందులో ముప్పై మంది కూడా లేరు. షిప్పు మునుగుతుందంటే నమ్మనివాళ్లు కొందరు, ఎటు వెళ్లాలో తెలియనివాళ్లు కొందరు. ఆ తర్వాతే 1914లో కొన్ని దేశాలు కూర్చుని సోలాస్ అనే ఒప్పందం, అంటే సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం, రాసుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటి సోలాస్. ప్రపంచంలో ఏ రేవు నుంచి క్రూయిజ్ ఎక్కినా డ్రిల్ తప్పనిసరి అయ్యింది దాని వల్లే. రానని మొండికేస్తే షిప్పు నుంచి దింపేసే అధికారం కెప్టెన్‌కి ఉంటుంది.

అయితే ఆ నియమంలో చాలాకాలం ఒక వెసులుబాటు ఉండేది. ఎక్కిన 24 గంటల్లోపు డ్రిల్ చేయిస్తే చాలు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి గుద్దుకున్నప్పుడు ఆ వెసులుబాటు ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. షిప్పులో నాలుగువేల రెండొందల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో దాదాపు 700 మంది ఆ సాయంత్రమే చివిటవెక్కియా రేవులో ఎక్కినవాళ్లు. వాళ్ల డ్రిల్ మర్నాడు. ముందు కరెంటు పోయిందన్నారు, గదులకి వెళ్లమన్నారు. షిప్పు వదలమన్న ఆజ్ఞ వచ్చేసరికి గంట దాటింది, అప్పటికే ఒక పక్కకి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. కెప్టెన్‌కి 16 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2015 జనవరి 1 నుంచి నియమం మారింది. ఇప్పుడు షిప్పు కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలి. 'ఎక్కీ ఎక్కగానే ఈ గోలేంటమ్మా, రేపు చూసుకోవచ్చుగా' అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ 700 మంది గుర్తొస్తారు.

ఇంకో నియమం ఉంది. షిప్పు వదలమని సిగ్నల్ ఇచ్చాక 30 నిమిషాల్లో బోట్లన్నీ జనంతో సహా నీళ్లలోకి దిగేలా ఏర్పాటు ఉండాలి. వినడానికి ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ 30 నిమిషాల లెక్క మొదలయ్యేది అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని స్టేషన్లలో చేరాక. అంతకు ముందు పట్టే సమయం మన చేతుల్లో ఉంది. ఇంజనీర్లు, కెప్టెన్లు ఎంత బాగా చేసినా మనం గదుల్లోంచి ఎంతసేపటికి వస్తామన్నది వాళ్లు తగ్గించలేరు. నేనింత పట్టుబట్టేది అందుకే.

పైగా స్టేషన్‌కి రమ్మన్నారంటే షిప్పు మునుగుతోందనే అర్థం కాదు. 2019 మార్చిలో నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే షిప్పుకి తుఫానులో ఇంజన్లు ఆగిపోయాయి. 1,373 మంది ఉన్నారు. ఆ గాలిలో బోట్లు దింపే వీలు లేదు. జాకెట్లు వేసుకుని గంటల తరబడి స్టేషన్లలోనే కూర్చున్నారు. హెలికాప్టర్లు వచ్చి ఒక్కొక్కరినీ పైకి లాగి 479 మందిని తీసుకెళ్లాయి. ఈలోగా ఇంజన్లు కొంత పనిచేసి షిప్పు మిగతావాళ్లతో రేవుకి చేరింది. ఒక్క ప్రాణం పోలేదు. అంతమందిని ఒకచోట లెక్కపెట్టుకుని ఉంచగలిగారు కాబట్టే ఎవరు ఎక్కడున్నారన్న గందరగోళం లేకుండా పని జరిగింది.

పటమటలో మాకు తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో బయల్దేరే ముందు ఒక ఆదివారం అందరం కలుస్తాం. ఆఫీసులో నాలుగు లైఫ్ జాకెట్లు కొని పెట్టుకున్నాను. వాటిని ఒక్కొక్కరితో వేయిస్తాను. ముఖ్యంగా చీరలు కట్టుకునేవాళ్లతో. తల మీదుగా వేసుకుని, పట్టీ నడుం చుట్టూ తిప్పి ముందు క్లిప్ పెట్టాలి. పైట వదిలేసి ఉంటే ఆ క్లిప్పులో ఇరుక్కుంటుంది, క్లిప్ పూర్తిగా పడదు, పడలేదని తెలియదు కూడా. అందుకని ముందు పైట చుట్టి నడుం దగ్గర గట్టిగా దోపుకోవాలి. కుచ్చిళ్లు ఒక జానెడు ఎత్తి బొడ్లో దోపాలి, మెట్లు దిగుతుంటే కాలికి అడ్డం పడకుండా. అప్పుడు జాకెట్. క్లిప్ 'టక్'మని చప్పుడు కావాలి. ఆ తర్వాత పట్టీ లాగి బిగించాలి. వదులుగా ఉంటే నీళ్లలో జాకెట్ మాత్రం పైకి లేచి గడ్డానికి తగులుతుంది, మనిషి కిందకి జారుతుంది. విజిల్ ఎక్కడుందో వేళ్లతో తడిమి చూసుకోమంటాను. రాత్రిపూట షిప్పులో నైటీలతో ఉంటారు కాబట్టి తలుపు పక్కనే ఒక షాల్, చెప్పులు, బీపీ షుగర్ మాత్రలున్న చిన్న సంచీ పెట్టుకుని పడుకోమంటాను. కానీ హారన్ మోగినప్పుడు గది బయట ఉంటే వీటి కోసం వెనక్కి వెళ్లకూడదు. స్టేషన్‌లో జాకెట్లు ఉంటాయి.

అన్నిటికంటే కష్టంగా ఒప్పించాల్సింది ఇంకొకటి. మన ఇళ్లల్లో ఏదైనా జరిగితే ముందు ఒకరినొకరు వెతుక్కుంటాం. అది మన గుణం, మంచి గుణం. షిప్పులో మాత్రం అదే ముంచుతుంది. బాబాయిగారు పైన టీ తాగుతుంటారు, పిన్నిగారు గదిలో కునుకు తీస్తుంటారు, కొడుకూ కోడలూ స్విమ్మింగ్ పూల్ దగ్గర, పిల్లలు కిడ్స్ క్లబ్‌లో. హారన్ మోగగానే అందరూ అందరి కోసం పరుగెత్తితే, కిందకి దిగుతున్న జనానికి ఎదురెక్కుతారు. ఫోన్లు కలుస్తాయన్న నమ్మకం లేదు. కాబట్టి ఎవరూ ఎవరినీ వెతకొద్దు, అందరూ స్టేషన్‌కే రావాలని ఇంట్లోనే మాట అనుకోవాలి. చాలా షిప్పుల్లో కిడ్స్ క్లబ్ పిల్లల చేతికి స్టేషన్ అక్షరం ఉన్న బ్యాండ్ కడతారు, అక్కడి స్టాఫే వాళ్లని తీసుకొస్తారు. ఎక్కగానే ఆ ఏర్పాటు ఎలాగో అడిగి తెలుసుకోండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. స్టేషన్ గదిని బట్టి ఇస్తారు. అమ్మానాన్నలకి ఒక గది, మీకు దూరంగా ఇంకో గది పడితే స్టేషన్లు వేరయ్యే అవకాశం ఉంది. కార్డులు చేతికి రాగానే పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరాలు వేరైతే రిసెప్షన్‌లో మాట్లాడండి, పెద్దవాళ్లకి తోడు ఎవరన్నది అక్కడే తేల్చుకోండి.

కిందటి బ్యాచ్ మీటింగులో ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. "శుభమా అని బయల్దేరుతుంటే మునగడం గురించి మాట్లాడతావేంటమ్మా" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ మనం బెజవాడ వాళ్లం. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరినవాళ్ల పడవ కృష్ణానదిలో ఫెర్రీ ఘాట్ దగ్గర బోల్తా పడింది. 20 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. అనుమతి లేని పడవ. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తూ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో 77 మంది ఉంటే బతికి బయటపడింది 26 మంది. అదే ఆయనతో అన్నాను: "బాబాయిగారూ, వాళ్లూ శుభమా అనే బయల్దేరారు. మాట్లాడకపోవడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు." ఆయన ఇంకేమీ అనలేదు. వాళ్లావిడ లేచి వచ్చి జాకెట్ అందుకున్నారు.

ఇప్పటికీ భవానీ ద్వీపం వెళ్లే బోటులో చూస్తుంటాను. జాకెట్ ఇస్తారు, క్లిప్ పెట్టుకోకుండా భుజాల మీద వేసుకుంటారు, ఫొటో కోసం తీసి ఒళ్లో పెట్టుకుంటారు. చెమట వాసన, ఉక్కపోత, నిజమే. మీ పిల్లలకి క్రూయిజ్ డ్రిల్ నేర్పాలంటే సింగపూర్ దాకా వెళ్లక్కర్లేదు. పున్నమి ఘాట్ దగ్గర బోటెక్కినప్పుడు మీరే వాళ్ల జాకెట్ క్లిప్ పెట్టి పట్టీ బిగించండి, దిగేదాకా తీయనివ్వకండి.

వచ్చే బ్యాచ్ వాళ్లకి రెండు మాటలు. చంటిపిల్లలున్నవాళ్లు గదిలోకి వెళ్లగానే చిన్న సైజు జాకెట్ అడిగి తీసుకోండి, పెద్దవాళ్ల జాకెట్ వాళ్లకి పనికిరాదు. ఒళ్లు ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా పెద్ద సైజు అడగండి, ఉంటాయి. మెట్లు దిగలేనివాళ్లు, వీల్‌చెయిర్ వాడేవాళ్లు, సరిగా వినబడనివాళ్లు ఆ సంగతి బుకింగ్ అప్పుడే నాకు చెప్పండి. షిప్పు వాళ్లకి ముందే రాసి పంపుతాను, హారన్ మోగితే సాయానికి మనిషిని గదికి పంపేలా వాళ్లు పేరు రాసుకుంటారు.

మీటింగ్ ఎప్పటిలాగే ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఆడవాళ్లు టూర్లో కట్టుకోబోయే చీరతోనే రండి.