పొడి ప్యాకెట్ లోపల అతికించే లేబుల్

చెన్నైలో అక్టోబరు వచ్చిందంటే నాకు ఆర్డర్ల కంటే గాలిలో తేమ గురించే ఎక్కువ టెన్షన్. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. వడపళనిలో మా ఇంట్లో చేసే నువ్వుల పొడి, కందిపొడి, చెక్కలు విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపడానికే చాలామంది కొంటారు. అక్కడ విప్పేసరికి రుచి తగ్గకూడదు.

పాడుచేసేవి రెండు. తేమ తగిలితే చెక్క మెత్తబడుతుంది, కందిపొడి ఉండ కడుతుంది. ఆక్సిజన్ తగిలితే నువ్వుల్లో, వేరుశనగలో, ఎండుకొబ్బరిలో ఉన్న నూనె చెడి పాత నూనె వాసన కొడుతుంది. రెండింటికీ మందు ఒకటి కాదు. తేమను సిలికా జెల్ పట్టుకుంటుంది. ఆక్సిజన్‌ను పీల్చేది మాత్రం సన్నటి ఇనుప పొడి. ఉప్పు, కాస్త తడి తోడై ఆ ఇనుము తుప్పు పడుతూ ప్యాకెట్‌లోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. జపాన్‌కు చెందిన మిత్సుబిషి గ్యాస్ కెమికల్ 1977లోనే దీన్ని ‘ఏజ్‌లెస్’ పేరుతో అమ్మకానికి తెచ్చింది.

రెండూ కలిపి వేస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతుంటారు. నేను వేయను. ఇనుముకు కాస్త తడి ఉంటేనే పని జరుగుతుంది. పక్కనే ఉన్న సిలికా జెల్ ఆ తడిని లాగేసుకుంటుంది.

ముందు ఈ ఇనుప పొడి ఉన్న చిన్న పొట్లాలే వేసేదాన్ని. మైలాపూర్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, “అమ్మాయ్, పొడిలో ఉప్పు పొట్లం కూడా పెట్టావా? విప్పి కలుపుకోవాలా?” అని అడిగారు. చూపు సరిగా ఆనని వాళ్లు, పసిపిల్లలు తినే వస్తువులో అలాంటిది విడిగా ఉండకూడదని అప్పుడే అనుకున్నాను. అదే ఇనుప పొడి నింపిన లేబుల్ అయితే కవర్ లోపలి గోడకు అతుక్కుని ఉంటుంది. పైపొర గాలిని లోపలికి పోనిస్తుంది, ఇనుప పొడిని బయటికి రానివ్వదు. ధర ఎక్కువే. అయినా నాకు అదే నచ్చింది.

సైజు లెక్క కష్టం కాదు. గాలిలో ఐదో వంతు, అంటే సుమారు 21 శాతం, ఆక్సిజన్. కవర్‌లో 200 మి.లీ. గాలి మిగిలితే అందులో ఆక్సిజన్ 42 మి.లీ. పొడి రేణువుల మధ్య కూడా గాలి ఉంటుంది కాబట్టి 50 సీసీ, అంటే 50 మి.లీ. ఆక్సిజన్‌ను పీల్చే లేబుల్ దగ్గర ఆగకుండా 100 సీసీది తీసుకుంటాను. మిగతా గాలి దాదాపు నైట్రోజనే, అది అలాగే ఉంటుంది కాబట్టి చెక్కలు నలగవు. వాక్యూమ్ చేస్తే పొడే మిగులుతుంది.

కవర్ మంచిది కాకపోతే మాత్రం లేబుల్‌కు పెట్టిన డబ్బు దండగ. మామూలు పాలిథిన్ గుండా ఆక్సిజన్ మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది, ఇనుము కొన్నాళ్లకు అయిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ పొర ఉన్న కవరే కావాలి. లోపలిది కనబడేలా కిటికీ ఉన్న కవర్లు కస్టమర్లకు ఇష్టమే, కానీ అవి మానేశాను. ఇక సీలింగ్! అంచు మీద పొడి కాస్త పడినా అక్కడ అతుకు సరిగా పడదు, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. అందుకే కాగితం గరాటుతో పోసి, అంచు పొడిబట్టతో తుడిచి, అప్పుడు సీల్ చేస్తాను. లేబుళ్ల ప్యాకెట్ విప్పిన క్షణం నుంచే ఇనుము పని మొదలుపెడుతుంది. కవర్లన్నీ నింపి వరుసగా పెట్టుకున్నాకే దాన్ని విప్పాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. బొబ్బట్లు, పూర్ణాల వంటి తడి ఉన్న వాటికి ఈ పద్ధతి వద్దు. ఆక్సిజన్ లేని తడి పదార్థంలో బొట్యులినమ్ అనే బాక్టీరియా పెరిగి ప్రాణాంతకమైన విషం తయారుచేయగలదు. రంగు, వాసన చూసి దాన్ని పట్టుకోలేం. బొబ్బట్లు కావాలన్న వాళ్లకు పొద్దున చేసి ఆ రోజే ఊళ్లోనే ఇచ్చేస్తాను, కొరియర్‌కు మాత్రం ఒప్పుకోను.